తెలుగు అక్షరం – వెబ్ బ్రౌజర్లు: నాడు, నేడు

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక తెలుగు మాధ్యమ పాఠశాల డెబ్బై అయిదేళ్ల పండుగలో వెబ్ బ్రౌజర్ల మీద ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చు. సాహిత్యం మీదనో, వ్యవసాయం మీదనో ఉంటే సందర్భోచితంగా ఉండేదన్న అభిప్రాయమూ కలగవచ్చు. కాని ఈ ప్రాంతపు చరిత్రను ఒక్కసారి తలచుకుంటే ఆ సందేహం తీరుతుంది. ఈ పాఠశాలలో మొదటి తరం పిల్లలు పలక మీద ఓనమాలు దిద్దేనాటికి ఆంధ్ర రాష్ట్రమే ఏర్పడలేదు. 1953 అక్టోబరు 1న అది ఏర్పడినప్పుడు హోసూరు సీమ మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. జిల్లా పేరు సేలం నుండి 1965లో ధర్మపురిగా, 2004లో కృష్ణగిరిగా మారింది. ఇళ్లలో మాట్లాడే మాట మాత్రం మారలేదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేస్తూ వచ్చింది. ఆ మొదటి జట్టు 2016లో పదవ తరగతి పరీక్షకు కూర్చుంది. ఆ చట్టం మంచిచెడ్డలు ఈ ప్రసంగానికి విషయం కాదు. ఉంటున్న రాష్ట్రపు భాషను నేర్చుకోవలసిందేననడంలో భిన్నాభిప్రాయం లేదు. అయితే బడిలో తెలుగుకు మిగిలే గంటలు తగ్గినప్పుడు, బడి విడిచిన తరువాత పిల్లవాడికి తెలుగు అక్షరం ఎక్కడ కంటబడుతుందన్నది ఆలోచించవలసిన ప్రశ్న. అంగళ్ల పేరుపలకల మీద తమిళం, ఆంగ్లం. అత్తిబెలె దాటితే కన్నడం. మిగిలినది చేతిలోని ఫోను. ఆ ఫోనులో తెలుగు కనబడటానికీ, కనబడకపోవడానికీ మధ్య నిలిచి ఉన్న ద్వారపాలకుడే బ్రౌజరు.

బ్రౌజరు చేసే పని వినడానికి చాలా చిన్నది. ఎక్కడో ఉన్న కంప్యూటరును అడిగి ఒక పుటను తెచ్చుకొని, అందులోని సంకేతాలను అక్షరాలుగా, బొమ్మలుగా తెర మీద పరచడం. దీనికి ‘విహారిణి’ అని కొందరు స్వచ్ఛంద అనువాదకులు చక్కని పేరు పెట్టారు గాని జనం నోట బ్రౌజరే నిలిచింది. టిమ్ బెర్నర్స్-లీ 1990లో జెనీవా సమీపంలోని సెర్న్ సంస్థలో మొదటి బ్రౌజరును రాశాడు. 1993లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో తయారైన మొజాయిక్ మాటల మధ్యనే బొమ్మలను చూపి వెబ్‌ను సామాన్యుల చెంతకు చేర్చింది. దాన్ని తయారుచేసిన వారిలో కొందరు బయటికి వచ్చి 1994లో నెట్‌స్కేప్ నావిగేటర్‌ను విడుదల చేశారు. 1995లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో బరిలోకి దిగింది. అదే సంవత్సరం ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సౌకర్యం ప్రారంభించింది. ఈ రెండు కంపెనీల పోరును అమెరికా పత్రికలు ‘బ్రౌజర్ల యుద్ధం’ అన్నాయి. ఏది వేగమైనది, ఏది ఉచితం, ఏది కంప్యూటరుతో పాటే వస్తుంది అన్నవి అక్కడి వారి ప్రశ్నలు. తెలుగువారి ప్రశ్న వేరు: ఇందులో తెలుగు కనబడుతుందా?

చాలాకాలం కనబడలేదు. కారణం తెలుసుకోదగినది. ఆనాటి ఫాంట్లలో అక్షరాలకు ఉన్నవి మొత్తం 256 గదులు. ఆంగ్లానికి అందులో సగం చాలు. తెలుగు ఫాంటు తయారుచేసేవారు ఆ గదుల్లోనే ఆంగ్లాక్షరాలను తొలగించి తెలుగు ముక్కలను సర్దేవారు. ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో గుడి, ఇంకొక దానిలో కొమ్ము, వేరొక దానిలో వత్తు. అచ్చుకూటంలో కంపోజిటరు సీసపు ముక్కలను ఏరి పేర్చినట్టే ఇది కూడా. అయితే ఏ ముక్క ఏ గదిలో ఉండాలో ఒక కట్టుబాటు లేదు. ఒక్కొక్క పత్రికది ఒక్కొక్క అమరిక. ఆ పత్రిక ఫాంటు కంప్యూటరులో లేకపోతే పుట నిండా ఆంగ్లాక్షరాలు, డాలరు గుర్తులు, ఎవరికీ అర్థంకాని చుక్కలూ గీతలూ. చదువరికి కనబడేది తెలుగే అయినా కంప్యూటరు దృష్టిలో అది తెలుగు కాదు. అందువల్ల ఎంత వెదకినా ఆ వార్త దొరకదు. ఒక పత్రిక పుట నుండి నాలుగు వాక్యాలు తీసి ఇంకొక చోట పెడితే అవి తెలుగుగా మిగలవు.

ఈ చిక్కును తప్పించుకోవడానికి కొందరు అసలు తెలుగు లిపినే పక్కనబెట్టారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి రూపొందించిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో ఆంగ్లాక్షరాలతోనే తెలుగు రాసుకొని, ఉత్తరాలు, చర్చలు నడిపారు. ప్రవాసులు మాతృభాషను వదలలేక చేసిన ఆ ప్రయత్నాన్ని తక్కువ చేసి మాట్లాడరాదు. కాని పలక మీద ‘అ’ దిద్దే పిల్లవాడికి అది ఎంతమాత్రం పనికివచ్చేది కాదు.

1997లో నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రెండూ తమ నాలుగవ కూర్పుల్లో ఒక కొత్త సౌకర్యం తెచ్చాయి. పుటతో పాటే ఫాంటు కూడా దిగివస్తుంది, చదువరి ఏమీ చేయనక్కరలేదు. తెలుగు పత్రికలకు ఇది వరంగా తోచింది. కాని ఒకరి ఫాంటు మూట ఇంకొకరు విప్పలేరు! నెట్‌స్కేప్‌ది ఒక పద్ధతి, మైక్రోసాఫ్ట్‌ది వేరొక పద్ధతి. నెట్‌స్కేప్ వెనుకబడిపోయాక వెబ్ పుటల అడుగున ‘ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే చూడుడు’ అన్న ధోరణి స్థిరపడింది. ఒక భాషను చదవాలంటే ఒక కంపెనీ సరుకే వాడాలన్న షరతు ఎంత అవమానకరమో ఆనాడు అంతగా ఎవరికీ తట్టలేదు. తెలుగు కనబడటమే గొప్ప అనుకున్న రోజులవి.

నిజానికి అసలైన పరిష్కారం అప్పటికే సిద్ధమై ఉంది. 1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. భారత ప్రభుత్వం వారి ‘ఇస్కీ’ ప్రమాణం దానికి ఆధారం. యూనికోడ్‌లో ‘క’ అంటే ప్రపంచంలో ఏ కంప్యూటరులోనైనా ‘క’యే. ఫాంటు మారితే అక్షరం సొగసు మారుతుంది గాని అక్షరం మారదు. పదేళ్లపాటు ఆ కేటాయింపు కాగితం మీదనే ఉండిపోయింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ‘గౌతమి’ అనే తెలుగు ఫాంటు చేరింది. అయితే అది సరిగా పనిచేయాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోని భాషల విభాగానికి వెళ్లి, ఒక గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీని పెట్టవలసి ఉండేది. ఇంటర్నెట్ కేంద్రాలలో గంటకింత అని చెల్లించి కూర్చునేవారు సీడీ ఎక్కడి నుండి తెస్తారు? తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి ఉచితంగా అందించిన పోతన, వేమన ఫాంట్లు ఆ కాలంలో ఎందరికో దారి చూపాయి.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ గురించి ఒక మాట నిష్పక్షపాతంగా చెప్పాలి. గౌతమి ద్వారా యూనికోడ్ తెలుగును లక్షల కంప్యూటర్లకు చేర్చిన ఘనత మైక్రోసాఫ్ట్‌దే. అదే సంస్థ పోటీదారు లేకుండా పోయిన వెంటనే బ్రౌజరును పట్టించుకోవడం మానివేసింది. 2001లో ఆరవ కూర్పు, 2006లో ఏడవ కూర్పు. నడుమ అయిదేళ్ల నిద్ర! ఎదురు లేనివాడు ఎంత సోమరి అవుతాడో ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. ఆ బ్రౌజరుకు 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ స్వయంగా స్వస్తి చెప్పింది.

నెట్‌స్కేప్ కూలిపోతూ ఒక మంచి పని చేసింది. 1998లో తన బ్రౌజరు మూలరచనను లోకానికి బహిరంగంగా ఇచ్చివేసింది. ఆ విత్తనం నుండి 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ మొలిచింది. గడచిన ముప్ఫై ఏళ్ల బ్రౌజర్లలో తెలుగువారు అన్నిటికంటె ఎక్కువ రుణపడినది దీనికే అనడం అతిశయోక్తి కాదు. వేగంలో అది అందరినీ మించిందని కాదు. కొన్నాళ్లు బాగా బరువెక్కి విసిగించిన మాట కూడా నిజమే. దాని గొప్పతనం వేరు. ఆ రోజుల్లో కంపెనీ అనుమతి కోసం ఎదురుచూడకుండా ఎవరైనా దానికి ఒక కొత్త భాగాన్ని తగిలించగలిగేవారు. వెన్న నాగార్జున అనే తెలుగువాడు ‘పద్మ’ అనే చిన్న ఉపకరణాన్ని రాసి దానికి తగిలించాడు. ఈనాడు, వార్త వంటి పత్రికలు ఏ ఫాంటు వాడినా, పద్మ ఆ ముక్కలన్నిటినీ ఏరి, పోల్చి, యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది. లినక్స్ వాడేవారు కూడా తెలుగు దినపత్రికను చదవగలిగారు. పత్రికలన్నీ కలిసి ఒక నిర్ణయం తీసుకొని చేయవలసిన పనిని ఒక్కడు తీరికవేళల్లో చేశాడు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసినదీ ఆయనే. నేడు అందులో వ్యాసాలు లక్ష దాటాయి. వీవెన్ నిర్వహించిన ‘లేఖిని’ పుట ఏ ఫాంటూ, ఏ కీబోర్డూ లేని చోట కూడా బ్రౌజరులోనే తెలుగు టైపు చేసుకునే వీలు కల్పించింది. ఫైర్‌ఫాక్స్ మెనూలను స్వచ్ఛందంగా తెలుగులోకి అనువదించిన వారి శ్రమ వల్ల ఆ బ్రౌజరు తెలుగులోనూ లభిస్తున్నది. 2017 నవంబరులో వచ్చిన 57వ కూర్పుతో ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతి ఉపకరణాలన్నిటినీ వదిలివేసింది. అది కొంత బాధ కలిగించిన నిర్ణయమే.

కంప్యూటరు లేని ఇళ్ల కథ ఇంకొకటి ఉంది. 2006 నుండి కొన్నేళ్లపాటు మీటల ఫోన్లలో ఒపేరా మినీ రాజ్యమేలింది. పుటను తన సర్వరులో ముందే కుదించి పంపేది కనుక డేటా ఖర్చు బాగా తగ్గేది. అయితే తెలుగు పుట తెరిస్తే అన్నీ డబ్బాలే. దీనికి ఒక గుట్టు ఉండేది. చిరునామా గడిలో ‘ఒపేరా:కాన్ఫిగ్’ అని టైపు చేస్తే ఒక రహస్య పట్టిక తెరుచుకునేది. అందులో అట్టడుగున ఉన్న ఒక వరుసలో ‘కాదు’ అన్నదాన్ని ‘అవును’గా మారిస్తే, ఒపేరా సర్వరు తెలుగు అక్షరాలను చిన్న చిన్న బొమ్మలుగా చేసి పంపేది. అంతవరకు తెలుగు ఎరుగని ఫోనులో తెలుగు ప్రత్యక్షమయ్యేది. ఈ కిటుకు ఒకరి నుండి ఒకరికి నోటిమాటగా పాకింది. ఈ సభలోని పూర్వ విద్యార్థులలో దాన్ని వాడినవారు కొందరైనా ఉండి తీరుతారు. 2012లో ఆండ్రాయిడ్ 4.1 తెలుగు, కన్నడ, మలయాళ లిపులకు చోటిచ్చాక ఆ అవసరం తీరింది.

అక్షరాలు కనబడటం ఒక ఎత్తు, సరిగా కూర్చబడటం మరొక ఎత్తు. ‘రాష్ట్రం’ అన్న మాటలో ‘ష’ కింద ‘ట’ వత్తు, దాని పక్కన ‘ర’ వత్తు పడాలి. ‘స్త్రీ’లో గుడిదీర్ఘం మీద, వత్తులు కింద. ఈ కూర్పును ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ మూడింటిలోనూ ‘హార్ఫ్‌బజ్’ అనే బహిరంగ సాఫ్ట్‌వేరు చేస్తుంది. ఆ పేరు పారశీక పదాల నుండి వచ్చింది. ఒక పారశీక నామం గల యంత్రం తెలుగు వత్తులను మోస్తున్నదంటే విద్యకు ఎల్లలు లేవని వేరే చెప్పాలా? ఈ కూర్పు తప్పితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచం చూసింది. ‘జ్ఞా’ అన్న అక్షరాన్ని ఒక ప్రత్యేక క్రమంలో కూర్చి పంపగానే ఐఫోన్లలో సందేశాల యాప్‌లు మూతబడిపోయాయి. ఆపిల్ సంస్థ కొద్ది రోజుల్లోనే సవరణ విడుదల చేసింది. తెలుగు అక్షరం ఫోనును పడగొట్టిందని కొందరు హాస్యమాడారు. తప్పు అక్షరానిది కాదు. ఆ అక్షరాన్ని ముందుగా పరీక్షించి చూడని వారిది.

ఇక నేటి సంగతి. 2008 సెప్టెంబరులో గూగుల్ విడుదల చేసిన క్రోమ్ ప్రపంచంలో మూడింట రెండు వంతులకు అటూ ఇటూగా జనం వాడే బ్రౌజరైంది. అది వేగమైనది, భద్రమైనది, తెలుగును లోపం లేకుండా చూపుతుంది. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. ఆందోళన ఎక్కడంటే, మిగిలిన బ్రౌజర్లలో చాలావరకు దాని లోపలి యంత్రాన్నే వాడుకుంటున్నాయి. క్రోమ్‌కు ఆధారమైన క్రోమియంను 2013లో ఒపేరా స్వీకరించింది. 2020లో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ కూడా ఆ దారినే పట్టింది. వేరే యంత్రంతో నడిచే పెద్ద బ్రౌజర్లు ఆపిల్ సఫారీ, ఫైర్‌ఫాక్స్ మాత్రమే.

కెలవరపల్లి వారికి దీన్ని వివరించడం తేలిక. దక్షిణ పినాకిని నంది కొండల్లో పుట్టి, బెంగళూరు అంచున పారి, ఇక్కడి జలాశయానికి చేరుతుంది. జలాశయం నుండి ఎడమ కాలువ, కుడి కాలువ. ఎవరి పొలానికి ఏ కాలువ నీరు పారినా నీరు ఒక్కటే. ఎగువ నుండి మురుగు దిగి జలాశయం నురగలు కక్కిన రోజున ‘మాది వేరే కాలువ’ అని ఏ రైతూ తప్పించుకోలేడు. నేటి బ్రౌజర్ల పేర్లు పది, జలాశయం దాదాపు ఒక్కటే. పైన ఒక కంపెనీ తీసుకునే నిర్ణయం కింద అన్ని కాలువల్లోకీ పారుతుంది. పుటపుటకూ వెంటాడి చదువరి అలవాట్లను కనిపెట్టే కుకీలను రెండేళ్లలో తొలగిస్తామని గూగుల్ 2020లో ప్రకటించింది. 2024 జులైలో ఆ ఆలోచనను విరమించుకుంది. సఫారీ, ఫైర్‌ఫాక్స్ ఈలోగా వాటిని అడ్డుకునే ఏర్పాటు చేసుకున్నాయి. ప్రకటనల మీద బతికే సంస్థ చేతిలోని బ్రౌజరుకూ, అలా కాని బ్రౌజరుకూ తేడా అక్కడ తెలిసింది. గూగుల్ చేత క్రోమ్‌ను అమ్మించాలని అమెరికా ప్రభుత్వం న్యాయస్థానాన్ని కోరింది గాని 2025 సెప్టెంబరులో న్యాయమూర్తి అందుకు అంగీకరించలేదు.

దేశీయ ప్రయత్నాలు లేకపోలేదు. 2010లో బెంగళూరులోని హిడెన్ రిఫ్లెక్స్ సంస్థ ‘ఎపిక్’ అనే బ్రౌజరును తెచ్చింది. ఫైర్‌ఫాక్స్ పునాది మీద కట్టిన దానిలో భారతీయ భాషల్లో టైపు చేసే సదుపాయం అమర్చారు. హోసూరుకు కూతవేటు దూరంలో తయారైన ఆ బ్రౌజరు ఈ ప్రాంతానికి ఎంతో ఉపకరించవలసింది. 2013లో అది క్రోమియం మీదికి మారి, గోప్యతకే అంకితమైంది. తమిళనాడుకు చెందిన జోహో సంస్థ 2023లో ‘ఉలా’ను విడుదల చేసింది. కేంద్ర ప్రభుత్వం నిర్వహించిన దేశీయ బ్రౌజరు పోటీలో 2025లో దానికే మొదటి బహుమతి లభించింది. అదీ క్రోమియం కాలువే. స్వదేశీ అన్న మాట విని పొంగిపోయే ముందు నీరు ఎక్కడిదో చూసుకోవడం మంచిది. అయినా చదువరి అలవాట్లను అమ్ముకోమని చెప్పే సంస్థ ఒకటి పక్కనే ఉండటం మేలే.

తల్లిదండ్రులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. క్రోమ్ ఆంగ్ల పుటను ఒక్క నొక్కుతో తెలుగులోకి మార్చి చూపుతుంది. ఎరువుల ధరో, పరీక్ష ప్రకటనో తెలుసుకోవడానికి అది గొప్ప సాయం. కాని ‘ముఖపుట’ అనవలసిన చోట ‘ఇల్లు’ అని, వాక్యం చివర ఉండవలసిన క్రియను నడిమధ్య వేలాడదీసి చూపే సందర్భాలు కోకొల్లలు. ఆంధ్ర, తెలంగాణ పిల్లలకు చుట్టూ వినబడే తెలుగు, చదివే తెలుగు ఎంతో ఉంది కనుక ఆ తప్పును నవ్వి వదిలేస్తారు. ఈ ప్రాంతపు పిల్లలకు చదవడానికి దొరికే తెలుగే తక్కువ. యంత్రం చూపినదే తెలుగు అనుకునే ప్రమాదం వారికి ఎక్కువ. ఇంటిలో పెద్దలు మాట్లాడే నుడికారం సరైనదనీ, తెర మీది వాక్యం తప్పనీ చెప్పే ఉపాధ్యాయుడు పక్కన ఉండాలి.

చివరిగా, ఎవరైనా ఈ సాయంత్రమే చేయగల పని ఒకటి. చాలా బ్రౌజర్లలో సెట్టింగులలో ‘భాషలు’ అనే విభాగం ఉంటుంది. అక్కడ చదువరి తనకు కావలసిన భాషలను వరుసగా చేర్చుకోవచ్చు. పుటను అడిగిన ప్రతిసారీ బ్రౌజరు ఆ ఇష్టాన్ని అవతలి కంప్యూటరుకు చెబుతుంది. మొదట తెలుగు, తరువాత తమిళం, ఆపైన ఆంగ్లం అని పెట్టుకుంటే, తెలుగు పుట ఉన్నచోట ముందు అదే రావాలి. రాష్ట్రపు ఎల్ల ఏదో ఈ వరుసకు పట్టదు. చాలా సంస్థలు దీన్ని లెక్కచేయక, అడిగిన ఊరును బట్టి భాషను ఊహించుకుంటాయన్నది నిజమే. హోసూరు నుండి అడిగితే తమిళమే పంపుతాయి. అయినా తెలుగు అడిగేవారు ఎక్కడున్నారని ఏ సంస్థ లెక్క తీసినా, ఈ వరుసలో తెలుగు పెట్టినవారే కనబడతారు. అడగనివారు ఆ లెక్కలోకి రారు.

కొత్త ఫోను కొన్నప్పుడు, కొత్త బ్రౌజరు దించుకున్నప్పుడు ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చు. రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, జ్ఞాపకం – ఈ నాలుగు మాటలను టైపు చేయించి చూడాలి. వత్తులు కింది వరుసలో కోసుకుపోకుండా, ముక్కలు విడిపోకుండా నిలిచాయా లేదా అన్నది అయిదవ తరగతి విద్యార్థి కూడా చెప్పగలడు. తప్పు కనబడితే దాన్ని బొమ్మ తీసి ఆ బ్రౌజరు తయారుచేసినవారికి పంపే ఏర్పాటు ఫైర్‌ఫాక్స్‌లోనూ, క్రోమ్‌లోనూ ఉంది. బెంగళూరు సాఫ్ట్‌వేరు సంస్థల్లో పనిచేస్తున్న పూర్వ విద్యార్థులు సెలవు రోజున ఒక పూట వచ్చి, పై తరగతుల పిల్లలకు ఆ పంపే పద్ధతిని దగ్గరుండి చూపించగలిగితే, ‘పద్మ’ వంటిది ఇంకొకటి ఈ ఆవరణలోనే పుట్టవచ్చు.